జోన్స్ వ్యాధిలో రక్తప్రోటీన్ల సాక్ష్యం

వాది: పాడిపశువు పేగులో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పెరిగే జోన్స్ వ్యాధి విషయంలో, రక్తంలోని ప్రోటీన్ల హెచ్చుతగ్గులను పశువైద్యుడు తన నిర్ణయానికి ముఖ్యమైన ఆధారంగా తీసుకోవచ్చునన్నది ఇక్కడి ప్రతిపాదన. 1895లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో యోనె, ఫ్రాథింగమ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ఆవు పేగు గోడలో క్షయక్రిమిని పోలిన సూక్ష్మజీవులను చూసి, అది పక్షులకు క్షయ తెచ్చే క్రిమి కావచ్చునని భావించారు. ఆ పక్షిక్షయ జాతికే చెందిన మైకోబాక్టీరియం ఏవియం పారాట్యూబర్క్యులోసిస్ అనే ఉపజాతి దీనికి కారణమని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఈ క్రిమి పేగు గోడను మందంగా మార్చి, తిన్న మేతలోని సారాన్ని లోపలికి చేరనీయక, రక్తంలో ఉన్న ప్రోటీన్‌ను పేగులోకి కారిపోయేలా చేసి, మేత మామూలుగానే తింటున్న పశువును క్రమంగా ఎముకల గూడుగా మారుస్తుంది. వ్యాధి చేసే హానిలో పెద్ద భాగం ప్రోటీన్ నష్టమే అయినప్పుడు, ఆ నష్టాన్ని నేరుగా కొలిచే పరీక్షను పక్కన పెట్టడానికి కారణం కనిపించదు.

ప్రతివాది: ప్రోటీన్ నష్టం జరుగుతుందన్నది నిర్వివాదం; అది దేనికి సాక్ష్యమన్న దగ్గరే చిక్కంతా ఉంది. రక్తం గడ్డకట్టిన తర్వాత పైన తేరే పసుపుపచ్చని ద్రవాన్ని సీరం అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఆవు సీరంలో డెసిలీటరుకు సుమారు 3 నుంచి 3.6 గ్రాముల వరకు ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్, జోన్స్ వ్యాధి ముదిరిన ఆవులో 2 గ్రాముల దిగువకు పడిపోవచ్చు. అయితే ఆ అంకె చెప్పేది పశువు ప్రోటీన్ కోల్పోతున్నదని, లేదా తయారు చేసుకోలేకపోతున్నదని మాత్రమే; ఎందుకు కోల్పోతున్నదో, ఏ క్రిమి వల్ల కోల్పోతున్నదో అందులో లేదు. పశువు పరిస్థితిని తెలిపే పరీక్షను పశువుకు సోకిన క్రిమిని తెలిపే పరీక్షగా వాడుకోవడం మొదలైతే, ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది ఒక్క ఆవు కాదు, దాని పక్కన కట్టిన దూడలన్నీ.

వాది: అంకె ఒంటరిగా మాట్లాడదన్న మాట నిజమే గాని, ఈ వ్యాధిలో ఆ అంకె వెనుక ఉన్న శరీరధర్మం చాలా స్పష్టమైనది. చనిపోయిన పశువు చిన్నపేగు చివరి భాగమైన శేషాంత్రికాన్ని నిలువునా కోసి పరిస్తే, లోపలి పొర మామూలు మందానికి మూడు నాలుగు రెట్లు పెరిగి అడ్డంగా ముడతలు పడి ఉంటుంది; రెండు చేతులతో పట్టి సాగదీసినా ఆ ముడతలు చదును కావు. క్రిములను మింగి అరిగించలేకపోయిన స్థూలభక్షక కణాలు గుంపులు గుంపులుగా ఆ పొరలో పేరుకుపోవడం వల్ల అది అలా మారుతుంది. పేగును పట్టి ఉంచే పల్చని పొరలో శోషరస నాళాలు తాళ్లలా ఉబ్బి కనిపిస్తాయి. వాటిలో ప్రవాహానికి అడ్డు పడడంతో ప్రోటీన్ నిండిన ద్రవం వెనక్కి మళ్లి పేగులోకి స్రవిస్తుంది. 1960లలోనే యూరప్ పరిశోధకులు రేడియోధార్మిక అయొడిన్‌ను తగిలించిన అల్బుమిన్‌ను పశువుల రక్తంలోకి ఎక్కించి, వ్యాధి ఉన్న పశువుల్లో అది పేగులోకి ఎక్కువగా కారుతున్నట్లు చూపారు. కాలేయం ఆ లోటును పూడ్చడానికి కండరాల్లోని అమైనో ఆమ్లాలను వాడుకుంటూ ఎక్కువ అల్బుమిన్ తయారు చేస్తుంది గనుక, రక్తంలో అల్బుమిన్ కొద్దిగా తగ్గేసరికే తొడల మీద, పిరుదుల మీద కండ కరిగిపోయి ఉంటుంది. ఇంత నేరుగా పేగు గోడ మార్పుతో ముడిపడిన కొలతను కేవలం పరిస్థితి సూచిక అని తీసివేయడం న్యాయం కాదు.

ప్రతివాది: చనిపోయిన పశువు పేగులో అంత స్పష్టంగా కనిపించేది, బతికి ఉన్న పశువు గొంతు కింద అంత స్పష్టంగా కనిపించదు. నీటిని రక్తనాళాల్లో నిలిపి ఉంచే ద్రవాభిసరణ పీడనంలో నాలుగింట మూడు వంతులు అల్బుమిన్ వల్లనే కలుగుతుంది గనుక, అది బాగా తగ్గినప్పుడు నీరు నాళాలు దాటి, పశువు తల వంచి మేసేటప్పుడు పల్లంగా ఉండే దవడల నడుమ చేరుతుంది. ఆ వాపును వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే నిలుస్తుంది, వేడి ఉండదు, నొప్పి ఉండదు. అందువల్ల జ్వరంతో, గురకతో వచ్చి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీసే గొంతువాపు వ్యాధి నుంచి దాన్ని వేరు చేయడం కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాతే మొదలవుతుంది. ఇదే చల్లని వాపు, ఇదే అల్బుమిన్ లోటు కార్జపు జలగల వల్ల వస్తుంది, పొట్టలోని పురుగుల వల్ల వస్తుంది, మూత్రపిండాల జబ్బు వల్ల వస్తుంది, ఎండాకాలపు మేత కరువు వల్ల కూడా కొంత వస్తుంది. చెరువు గట్టున మేసి చెరువు నీరు తాగే తెలుగునాటి పశువుల్లో, నీటి నత్తల ద్వారా పెరిగే ఫాసియోలా జైగాంటికా అనే కార్జపు జలగ సర్వసాధారణం. అలాంటి చోట అల్బుమిన్ తగ్గిందని తెలియగానే జోన్స్ వ్యాధి వైపు వేలు చూపడం, ఎక్కువసార్లు తప్పు దిక్కుకే చూపడమవుతుంది.

వాది: ఒక్క అల్బుమిన్‌నే చూస్తే ఆ ప్రమాదం ఉన్న మాట ఒప్పుకోవలసిందే. అయితే రక్తప్రోటీన్ల అధ్యయనం ఒక్క అంకెతో ఎన్నడూ ఆగలేదు. 1937లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు టిసేలియస్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రోఫోరెసిస్ పద్ధతిలో, సీరంలోకి విద్యుత్తును ప్రసరింపజేస్తే ప్రోటీన్లు వాటి విద్యుదావేశాన్ని బట్టి వేర్వేరు వేగాలతో కదిలి, అన్నిటికంటే ముందు అల్బుమిన్, దాని వెనుక ఆల్ఫా, బీటా, గామా అనే గ్లోబ్యులిన్ వర్గాలు వరుసగా విడిపోతాయి. ఆ వరుసలో కనిపించే ఆకృతి కారణాన్ని సూచిస్తుంది. మూత్రపిండం దెబ్బతిన్నప్పుడు చిన్న అణువైన అల్బుమిన్ ఎక్కువగా జారిపోయి, పెద్ద గ్లోబ్యులిన్లు చాలావరకు నిలుస్తాయి. పేగు కారినప్పుడు చిన్నా పెద్దా తేడా లేకుండా అన్నీ పోతాయి. ఇక కార్జపు జలగల విషయానికి వస్తే, వాటికి మందు ఉంది, జోన్స్ వ్యాధికి పశువులశాలలో వాడదగిన మందు లేదు. ఈ తేడానే పరీక్షగా మార్చుకోవచ్చు. జలగలకు, నట్టలకు మందు తాగించి, అల్బుమిన్ అణువుల్లో సగం మారడానికి పశువులో రెండు వారాలకు పైగా పడుతుంది గనుక ఒక నెల ఆగి మళ్లీ రక్తం తీస్తే, పెరిగిన అంకె ఒక సమాధానం ఇస్తుంది, పెరగని అంకె మరొక సమాధానం ఇస్తుంది.

ప్రతివాది: నెల ఆగి మళ్లీ కొలవాలన్న సూచన బాగుంది, దానిని తోసిపుచ్చనక్కరలేదు. కాని ఆకృతి కారణాన్ని సూచిస్తుందన్న భాగం పాఠ్యపుస్తకంలో నిలిచినంతగా పశువులశాలలో నిలవదు. జోన్స్ వ్యాధిలో పేగు అన్ని ప్రోటీన్లనూ కారుస్తున్న సమయంలోనే, ఏళ్ల తరబడి క్రిమితో పోరాడుతున్న శరీరం గామా గ్లోబ్యులిన్లను అధికంగా తయారు చేస్తూ ఉంటుంది. పోయేదీ వచ్చేదీ కలిసి మొత్తం గ్లోబ్యులిన్ మామూలుగానే కనిపించవచ్చు, అప్పుడు ఆ ఆకృతి కార్జపు జలగల ఆకృతికి దగ్గరవుతుంది. పారుడుతో నీరు పోయిన పశువులో రక్తం చిక్కబడి ప్రోటీన్ల సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, అంటే లోటు ఎక్కువగా ఉన్న రోజే అంకె దానిని దాచే అవకాశముంది. ఈనడానికి ముందు వారాల్లో గ్లోబ్యులిన్లు ముర్రుపాలలోకి తరలిపోవడం వల్ల చూడిపశువు రక్తంలో అవి సహజంగానే తగ్గుతాయి. చివరికి ప్రయోగశాలల్లో అల్బుమిన్‌ను కొలవడానికి ఎక్కువగా వాడే బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు, అల్బుమిన్‌తో పాటు ఆల్ఫా గ్లోబ్యులిన్లను కూడా కొంత పట్టుకుంటుంది. ఒంట్లో వాపు ఉన్న పశువులో ఆ గ్లోబ్యులిన్లు పెరిగి ఉంటాయి గనుక, తగ్గిన అల్బుమిన్ తగ్గనట్టు చూపబడుతుంది. పశువు రక్తం ఇన్ని కారణాలతో మారేటప్పుడు, అందులో జోన్స్ వ్యాధి వాటాను విడదీసి చూపే పద్ధతి ఏదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

వాది: ఈ అడ్డంకుల్లో చాలావాటికి పశువైద్యుల దగ్గర జవాబు ఉంది. ఎర్ర కణాల శాతాన్ని అదే రక్తంలో కొలిస్తే నీటి కొరత తెలుస్తుంది. ఈత దగ్గరపడిన పశువును, ఈనిన తొలి వారాల్లో ఉన్న పశువును లెక్క నుంచి తప్పించవచ్చు. రంగు పరీక్ష మీద అనుమానం ఉన్నచోట ఎలక్ట్రోఫోరెసిస్ ఉంది. వీటికి తోడు, వాపు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే కాలేయం విడుదల చేసే ప్రోటీన్ల వర్గం ఒకటుంది; వాటిని తక్షణ స్పందన ప్రోటీన్లు అంటారు. మనుషుల్లో ఈ పనికి సి-రియాక్టివ్ ప్రోటీన్‌ను కొలిస్తే, పశువుల్లో ఆ స్థానం హాప్టోగ్లోబిన్‌ది, సీరం అమిలాయిడ్-ఏ అనే ప్రోటీన్‌ది. ఆరోగ్యంగా ఉన్న ఆవు రక్తంలో హాప్టోగ్లోబిన్ దాదాపు కనిపించదు, వాపు వచ్చినప్పుడు పదుల రెట్లు పెరుగుతుంది, ఎర్ర కణాల నుంచి విడిపోయిన హిమోగ్లోబిన్‌ను పట్టుకుని అందులోని ఇనుము క్రిములకు దక్కకుండా చేస్తుంది. జోన్స్ క్రిమికి ఇనుము ఎంత అవసరమో 1912లో ట్వార్ట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడి పని పరోక్షంగా చూపింది: ఇతర మైకోబాక్టీరియాల సారాన్ని కలిపితే తప్ప ఆ క్రిమి ప్రయోగశాలలో పెరగలేదు, ఆ సారంలోని కీలక పదార్థం ఇనుమును పట్టి తెచ్చే మైకోబాక్టిన్ అని తర్వాత తేలింది. పశువు ఇనుమును దాచడం, క్రిమి దానికోసం వెతకడం అన్న ఈ పెనుగులాట ఛాయ రక్తప్రోటీన్లలో పడుతుంది, దానిని చదవడం నేర్చుకోవాలి.

ప్రతివాది: ఆ పెనుగులాట ఉన్నదే, కాని హాప్టోగ్లోబిన్ అందులో నమ్మదగిన సాక్షి కాదు. పొదుగువాపు వచ్చినా, గర్భాశయంలో చీము పట్టినా, మేతతో పాటు మింగిన మేకు పొట్ట గోడను గుచ్చి గుండె దాకా వెళ్లినా, ఆఖరుకు ఈనిన తొలి రోజుల్లోనైనా అది పెరుగుతుంది. సాల్మొనెల్లా వంటి క్రిమి దూడ పేగును ఒక్కసారిగా ముట్టడించినప్పుడు జ్వరం, రక్తంతో కూడిన పారుడు, తక్షణ స్పందన ప్రోటీన్ల ఉప్పెన అన్నీ రోజుల వ్యవధిలో వస్తాయి, అక్కడ ఆ కొలత రోగం తీవ్రతను చక్కగా చూపుతుంది. జోన్స్ వ్యాధి నడక దానికి పూర్తిగా వేరు. అది జ్వరం తేకుండా రెండు నుంచి ఐదేళ్లు, ఒక్కోసారి అంతకుమించి సాగుతుంది గనుక, ఆ కాలమంతటా హాప్టోగ్లోబిన్ స్థిరంగా పెరిగి ఉంటుందని అనుకోవడానికి లేదు. తక్షణ స్పందనను కొలిచే సాధనాన్ని నిదానంగా సాగే వ్యాధికి అమర్చితే, అది ఆ వ్యాధిని వదిలి పొదుగువాపులను పట్టుకుంటుంది.

వాది: హాప్టోగ్లోబిన్ విషయంలో ఆ వాదం బలమైనదేనని, జోన్స్ వ్యాధిలో దాని విలువ తోడు సాక్ష్యానికి మించదని అంగీకరించవచ్చు. అయితే ఇంతసేపూ మరచిపోయిన విషయం ఒకటుంది: ప్రపంచమంతటా జోన్స్ వ్యాధిని పట్టుకోవడానికి ఎక్కువగా వాడుతున్న ఎలైసా పరీక్ష కొలిచేది కూడా రక్తప్రోటీన్‌నే. క్రిమికి విరుగుడుగా శరీరం తయారు చేసుకునే ప్రతిరక్షకాలు గామా గ్లోబ్యులిన్లు. ఎలైసా వాటిలో ఈ క్రిమికి సరిగ్గా అతుక్కునే వాటిని మాత్రమే ఏరి చూపుతుంది. నేలలో సహజంగా ఉండే ఇతర మైకోబాక్టీరియాల వల్ల పుట్టిన ప్రతిరక్షకాలు పొరపాటున లెక్కలోకి రాకుండా, ముందుగానే సీరాన్ని మైకోబాక్టీరియం ఫ్లై అనే నిరపాయమైన జాతి సారంతో కలిపి వాటిని తొలగిస్తారు. కనుక రక్తప్రోటీన్ల మార్పు క్రిమి పేరు చెప్పదన్న మొదటి ఆక్షేపణ, ప్రోటీన్లన్నింటినీ ఒకే గాటన కట్టినప్పుడే నిలుస్తుంది.

ప్రతివాది: ఈ సవరణ సరైనదే, మొదటి ఆక్షేపణను అల్బుమిన్ వంటి సాధారణ ప్రోటీన్లకే పరిమితం చేయాలి. కాని ప్రతిరక్షకాలను వాదంలోకి తెచ్చిన తర్వాత, కాలం అనే మరింత పెద్ద ఆక్షేపణ ఎదురవుతుంది. దూడకు ఈ క్రిమి సోకేది సాధారణంగా పుట్టిన తొలి నెలల్లో, పేడ అంటిన పొదుగును చీకినప్పుడు, ముర్రుపాల ద్వారా, కొన్నిసార్లు తల్లి కడుపులోనే. ఆ తర్వాత చాలాకాలం శరీరం స్థూలభక్షక కణాలను ఉసిగొలిపే కణాధారిత రక్షణతో క్రిమిని అదుపులో ఉంచుతుంది, ఆ దశలో ప్రతిరక్షకాలు నామమాత్రం. ఆ రక్షణ సడలి, ప్రతిరక్షకాలు పెరిగి, పేగు గోడ మందమై, అల్బుమిన్ తగ్గడం మొదలయ్యేసరికి పశువు రెండు మూడు ఈతలు ఈని ఉంటుంది, ఆ ఈతల మధ్య పేడలో క్రిములను విడుస్తూనే ఉంటుంది. పైకి లక్షణాలు కనిపించే ఒక్కొక్క పశువు వెనుక మందలో మరో 15 నుంచి 25 పశువులకు క్రిమి సోకి ఉండవచ్చునని 1996లో విట్లాక్, బ్యుర్గెల్ట్ అనే పరిశోధకులు అంచనా వేశారు. లక్షణాలు లేని దశలో ఎలైసా పట్టగలిగేది మూడో వంతు లోపే. నూరు పశువుల మందలో పదింటికి క్రిమి సోకి ఉండి, పరీక్ష సున్నితత్వం 30 శాతం, నిర్దిష్టత 98 శాతం అనుకుంటే, అది పట్టుకునేది మూడింటిని, వదిలేసేది ఏడింటిని, అకారణంగా దోషులుగా చూపేది మరో రెండింటిని. క్రిమినే వెతికే ప్రోటీన్ స్థితి ఇది అయినప్పుడు, అంతకన్నా ఆలస్యంగా మారే అల్బుమిన్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

వాది: ఆలస్యమన్న ఆక్షేపణ ప్రతి పరీక్షకూ తగులుతుంది. పేడ నుంచి క్రిమిని పెంచి చూడాలంటే రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది, ఆ లోపల పశువు చనిపోనూ వచ్చు, సంతలో అమ్ముడుపోనూ వచ్చు. క్రిమి డీఎన్ఏలో పలుచోట్ల పునరావృతమయ్యే ఐఎస్ 900 అనే భాగాన్ని వెతికే పీసీఆర్ త్వరగా ఫలితమిస్తుంది గాని, పశువు ప్రతిరోజూ క్రిములను విడవదు గనుక దొరకని రోజూ ఉంటుంది. పక్క పశువు పేడ కలిసిన మేతను తిన్న ఆరోగ్యవంతమైన పశువు పేడలో సైతం అది దొరికే రోజూ ఉంటుంది. ఈ లోపల ఒకే ఒక్క ఆవు ఉన్న రైతు అడిగేది మంద గురించిన ప్రశ్న కాదు. నెలల తరబడి పారుకుంటున్న ఆవుకు ఇంకా మందుల ఖర్చు పెట్టాలా, మానుకోవాలా అన్నది ఆయన ప్రశ్న, దానికి అల్బుమిన్ వంటి సమాధానం మరొకటి లేదు. నట్టల మందు తర్వాత కూడా 2 గ్రాముల దిగువనే నిలిచిన అంకె, కోలుకునే అవకాశం లేదని దాదాపు ఖాయంగా చెబుతుంది. అదే అంకె మరో పొరపాటును తప్పిస్తుంది: రక్తంలోని కాల్షియంలో సగానికి దగ్గరగా ప్రోటీన్లకు, ముఖ్యంగా అల్బుమిన్‌కు అతుక్కుని ఉంటుంది గనుక, అల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం కూడా తగ్గినట్టు కనిపిస్తుంది, అసలు లోటు లేకుండానే సీసాలకు సీసాలు కాల్షియం ఎక్కించడం జరుగుతుంది.

ప్రతివాది: ఒక్క ఆవు భవితవ్యం చెప్పడంలో అల్బుమిన్‌కు సాటి లేదన్నది మనస్ఫూర్తిగా అంగీకరించదగినది, కాల్షియం సంగతి ప్రతి పశువైద్యుడూ గుర్తుంచుకోవలసినది. కాని జోన్స్ వ్యాధి ఒక్క ఆవు వ్యాధి కాదు. 2007లో అమెరికాలో జరిగిన జాతీయ పాడి సర్వేలో దాదాపు 68 శాతం పాడిక్షేత్రాల్లో ఈ క్రిమి ఉన్నట్లు తేలింది. అనువైన నీడలో, మట్టిలో అది ఏడాది దాకా బతకగలదు. మనుషుల్లో వచ్చే క్రోన్స్ వ్యాధితో దీనికి సంబంధముందా అన్న వాదం ఇంకా తేలలేదు. అందుకే డెన్మార్క్ 2006లో స్వచ్ఛంద పథకం ప్రారంభించి, ఆవుల పాలను ఏడాదిలో పలుమార్లు ఎలైసాతో పరీక్షిస్తూ, ప్రమాదాన్ని బట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విభజించి, పదేపదే పాజిటివ్‌గా తేలిన ఆవులను మళ్లీ ఈనకముందే మంద నుంచి తప్పించమని, మిగిలిన అనుమానితుల దూడలను, ముర్రుపాలను వేరు చేయమని సూచించింది. ఒక్కసారి పరీక్షలోని లోపాన్ని పలుసార్ల పరీక్షతో పూడ్చుకునే ఈ పద్ధతిలో అల్బుమిన్‌కు చోటు లేదు, ఎందుకంటే ఆ పథకం అడిగే ప్రశ్న పశువు ఎంత చిక్కిందన్నది కాదు, ఎవరికి అంటిస్తుందన్నది.

వాది: డెన్మార్క్ పద్ధతి తుది మెట్టు పశువును కబేళాకు పంపడం మీద ఆధారపడి ఉంది. 1977 నాటి గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం అమల్లో ఉన్న తెలుగు రాష్ట్రాల్లో ఆవు విషయంలో ఆ మెట్టు లేదు. ఉన్నా, నెలవారీ ఆదాయమంతా ఒకటి రెండు పశువుల మీదే ఉన్న ఇంట్లో, పాలిస్తున్న పశువును ఒక కాగితం మీది ఫలితం చూసి వదులుకునే రైతు ఉండడు. అటువంటి చోట ఏడాదికి పలుమార్లు ఎలైసా చేసే ఏర్పాటు ఊహకే పరిమితం. జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో మొత్తం ప్రోటీన్, అల్బుమిన్ కొలవడానికి కావలసినవి ఒక సెంట్రిఫ్యూజ్, ఒక రంగుకొలత యంత్రం, రెండు రసాయనాలు. చిక్కిపోతూ, పారుకుంటూ, మేత మాత్రం మామూలుగా తింటున్న పశువు రక్తంలో అల్బుమిన్ తగ్గి ఉంటే, దానిని వేరే కట్టి, పేడను వేరే గుంతలో వేసి, దూడను దూరం పెట్టమని అదే రోజు చెప్పవచ్చు. క్రిమి పేరు ఖరారు కాకపోయినా ఆ సలహా వల్ల నష్టం లేదు, ఆలస్యం చేస్తే మాత్రం నష్టం ఉంది.

ప్రతివాది: తగ్గిన అల్బుమిన్‌ను హెచ్చరికగా వాడడంలో నష్టం లేదు, మామూలుగా ఉన్న అల్బుమిన్‌ను అభయంగా వాడడంలో తీరని నష్టముంది, ఆచరణలో మొదటిది ఎప్పుడూ రెండోదాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. రక్తపరీక్షలో అన్నీ బాగున్నాయన్న కాగితంతో సంతలో అమ్ముడుపోయే చూడిపశువు, నిండుగా కండపట్టి, పాలు ధారాళంగా ఇస్తూనే, కొత్త యజమాని శాలలోని దూడలకు వ్యాధిని పంచగలదు. దాని అల్బుమిన్ తగ్గడానికి ఇంకా రెండేళ్లు పట్టవచ్చు. పశువును తొలగించే మార్గం లేని చోట నివారణ ఒక్కటే మార్గం గనుక, అక్కడే అభయపత్రాల ప్రమాదం డెన్మార్క్‌లో కంటే ఎక్కువ. అంతే ఖర్చులో చేయదగిన మరో పని కూడా ఉంది: పురీషనాళపు పొరను గీరి, జీల్-నీల్సన్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, గుంపులుగా ఉండే ఎర్రని పొట్టి క్రిములు కనిపించవచ్చు, అప్పుడు అనుమానానికి ఆధారం దొరుకుతుంది.

వాది: ఆ గీకుడు పరీక్ష క్రిములు విస్తారంగా ఉన్న ముదిరిన పశువులను మాత్రమే పడుతుందని, క్రిములు కనిపించనంత మాత్రాన వ్యాధి లేదనలేమని పశువైద్యులకు తెలియనిది కాదు, అంటే అల్బుమిన్ మీద మోపిన నేరమే దాని మీదా మోపాలి. మామూలు అల్బుమిన్‌ను అభయంగా ఎవరూ ఇవ్వకూడదన్న నియమాన్ని మాత్రం మినహాయింపు లేకుండా అంగీకరించాలి, ప్రయోగశాల ఇచ్చే ప్రతి కాగితం మీదా ఆ మాట అచ్చువేయాలి. అయితే పరీక్షను తప్పుగా వాడేవారు ఉంటారన్న భయంతో పరీక్షనే మానుకుంటే, రోజూ శాల ముందు నిలబడి నిర్ణయం చెప్పవలసిన పశువైద్యుడి చేతిలో మిగిలేది కంటిచూపు ఒక్కటే. కంటిచూపు కంటే ముందుగా, దానికంటే కచ్చితంగా నష్టాన్ని చూపే కొలత అందుబాటులో ఉండగా దాన్ని వాడకపోవడం జాగ్రత్త అనిపించుకోదు.

ప్రతివాది: కంటిచూపు కంటే ముందన్నది నిజం, క్రిమి వ్యాప్తి కంటే ముందన్నది నిజం కాదు, ప్రభుత్వ ప్రయోగశాలలకు దొరికే పరిమితమైన డబ్బు ఈ రెండింటిలో దేనివైపు ముందు వెళ్లాలన్న దగ్గర రెండు వాదాలూ కలవవు. చిక్కిన పశువును కొలిచే యంత్రం ముందా, చిక్కని పశువులో క్రిమిని వెతికే పీసీఆర్ ముందా అన్నప్పుడు, ఒక్క ఆవున్న రైతు మొదటిదాన్ని కోరుతాడు, ఆయన ఊరి మంద రెండోదాన్ని కోరుతుంది, ఇద్దరి అవసరమూ న్యాయమైనదే. మథుర సమీపంలోని మఖ్దూంలో ఉన్న కేంద్ర మేకల పరిశోధన సంస్థ దేశీయ క్రిమి రకంతో టీకాను రూపొందించింది గాని, ఈ వ్యాధి టీకాలు క్షయను గుర్తించే ట్యుబర్క్యులిన్ పరీక్షను తికమకపెట్టగలవు గనుక దాని వాడకంలోనూ ఆచితూచి అడుగు వేయాలి. ఏ పరీక్ష గెలిచినా మారని విషయం ఒకటుంది: అల్బుమిన్ తగ్గిన పశువు అప్పటికే పలువురికి వ్యాధిని అంటించి ఉండవచ్చు, అల్బుమిన్ తగ్గని పశువు ఇప్పుడు అంటిస్తూ ఉండవచ్చు. అందువల్ల పొదుగు కడిగి, శుభ్రమైన చోట ఈనించి, వ్యాధి లేని ఆవు ముర్రుపాలు తాగించి, తొలి ఆరు నెలలు పెద్దపశువుల పేడకు దూరంగా దూడను పెంచడం, రక్తపరీక్ష ఫలితం వచ్చినా రాకపోయినా, ప్రతి పాడి రైతూ ఈ ఈత నుంచే మొదలుపెట్టవలసిన పని.